పడవ నాలుగు గంటలకు

రైలు తప్పిపోయినవాణ్ణి చూసి నలుగురూ జాలిపడతారు. రైలుకు ఆరు గంటలు ముందుగా వచ్చి, ప్లాట్‌ఫారం మీద మూట వేసుకుని కూర్చున్నవాణ్ణి చూసి జాలిపడే నాథుడుండడు. మా వంశమంతా ఈ రెండో రకం. కోరుట్ల బస్టాండులో పది గంటల బస్సుకు ఏడింటికే మూటాముల్లెతో హాజరైన కుటుంబం ఏదైనా మీకు కనపడితే, అది మాదేనని నిస్సందేహంగా పలకరించవచ్చు.

అందుచేత 2024 జనవరిలో, సంక్రాంతి పోయిన మూడో నాడు, బొంబాయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా ముందర, సాయంకాలం నాలుగు గంటలకు రావలసిన పడవ కోసం మేము తొమ్మిదిమందిమీ ఉదయం ఏడున్నరకే వచ్చి నిలుచున్నామంటే ఆశ్చర్యపడనక్కరలేదు. ఈ ఊరిని ముంబయి అనాలని నాకూ తెలుసు. 1995 నుంచి దాని పేరు అదే. కాని మా కోరుట్ల, జగిత్యాల వైపు మనిషి నోట అది బొంబాయిగానే పుట్టింది. ఇక్కడ కూడా అలాగే ఉండనివ్వండి.

తొమ్మిదిమంది ఎవరెవరంటే, మా బాపు, అవ్వ. జగిత్యాల నుంచి మా అక్క, బావ. సిరిసిల్లలో బడిపంతులు ఉద్యోగం చేసుకుంటున్న నేను, మా ఆవిడ, మా ఇద్దరు పిల్లలు. తొమ్మిదోవాడు మా బామ్మర్ది. సిరిసిల్లలో వాళ్లింట్లో ఒకప్పుడు నాలుగు సాంచెలాడేవి. సాంచె అంటే మరమగ్గమే. కాని సిరిసిల్ల బజారులో మరమగ్గమని అన్నారంటే, ఈయనెవరో పుస్తకం చదివి మాట్లాడుతున్నాడని ఎగాదిగా చూస్తారు. ఆ నాలుగూ ఆగిపోయిన తరువాత అతడు భీవండి చేరి అక్కడి కార్ఖానాలో మేస్త్రీ అయ్యాడు. పడవ కుదిర్చిన పుణ్యాత్ముడు అతడే.

పడవ సంగతి ఎలా పుట్టిందో చెప్పాలి. మొన్నటి దసరానాడు జమ్మి ఆకు నా చేతిలో పెట్టి బాపు ఒక కోరిక కోరాడు.

“ఒక్కసారి బొంబాయి పోయి సముద్రం మీద తిరగాలెరా. నేను ఓడల పోయింది రాత్రి. ఏం కనబడలే.”

డెబ్బైరెండేళ్లు వచ్చినా పొగాకు తప్ప మరొకటి అడిగి ఎరగని మనిషి. కాదనడానికి మాకెవరికీ నోరు రాలేదు. గేట్‌వే దగ్గర నుంచి ఎలిఫెంటా దీవికి జనంతో పోయే పడవలు ఉండనే ఉన్నాయి. కాని అవి తూర్పుగా పోతాయి. బాపు పోవాలన్నది ఓడ పోయిన తొవ్వ, అంటే కొలాబా ఒడ్డు వెంట దక్షిణంగా, సముద్రపు నోటి వైపు. అటు పోవాలంటే పడవను గుత్తకు మాట్లాడుకోవలసిందే. గంటన్నరకు ఆరు వేలకు బేరం కుదిరిందని బామ్మర్ది ఫోను చేశాడు.

“ఆరు వేలా! అరక్వింటాలు పసుపాయె గదరా,” అన్నాడు బాపు. పసుపు పండించే ఊళ్లో పుట్టినవాడు కనుక లోకంలోని ధరలన్నీ ఆయన మనసులో పసుపుకొమ్ముల లెక్కనే ఉంటాయి. వద్దని మాత్రం అనలేదు.

ఇక ఓడ కథ. అది మా ఇంటి భారతం.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా వైపు బతుకుదెరువుకు మూడు దిక్కులు చెప్పుకుంటారు. సిరిసిల్ల నేతవాళ్లు బొంబాయి మిల్లులకూ భీవండి మగ్గాలకూ పోయారు. కోరుట్ల, జగిత్యాల రైతుబిడ్డలు గల్ఫుకు పోయారు. వాళ్లకూ దారి బొంబాయి మీదుగానే. 1977లో దసరా పోయిన వారానికి మా బాపు ఎడ్లజతను అమ్మి, అవ్వ కాళ్ల కడియాలు కుదువబెట్టి, ఒక ఏజెంటు చేతిలో నాలుగు వేలు పోసి బొంబాయి రైలెక్కాడు. అప్పటికి మా అక్కకు మూడేళ్లు. నాకు నడక రాలేదు.

ఎక్కవలసిన ఓడ పేరు ద్వారక. బొంబాయి నుంచి గల్ఫు రేవులకు ఏళ్ల తరబడి మనుషులను చేరవేసిన ఓడ అది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారిది. 1982 దాకా నడిచింది. డబ్బున్నవాళ్లకు గదులు, మావంటివాళ్లకు డెక్కు మీద చాప పరుచుకునేంత చోటు. ఆ పేరు విన్నప్పుడు మా అవ్వ గుండె ఆగినంత పనయ్యిందట. ధర్మపురి జాతరలో హరికథ విన్న మనిషి కదా. ద్వారక సముద్రంలో మునిగిపోయిందని ఆమెకు తెలుసు. మునిగిపోయిన ఊరి పేరు ఓడకు పెట్టినవాడు ఏం ఓడ నడుపుతాడని ఆమె వాదన. దీనికి జవాబు ఇప్పటికీ మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. ఆ ఓడకు తోబుట్టువులాంటి దారా అనే ఓడ 1961 ఏప్రిల్ 8న దుబాయి దగ్గర పేలి, 238 మంది చనిపోయారని నేను పెద్దవాణ్ణయ్యాక చదివాను. ఆ సంగతి అవ్వకు చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇంతకూ కథేమిటంటే, బాపు బొంబాయి చేరాడు కాని ద్వారక రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, వారం. నలభైఒక్క రోజులు! బాపు ఏజెంటుగారి బసలో కూర్చుని ఓడ కోసం ఎదురుచూశాడు. ఇంటికి మూడు ఉత్తరాలు రాయించాడు. మూడింటిలోనూ ఒకే మాట: ఓడ లేటయ్యింది.

ఆ మాట మా ఇంట్లో సామెతగా స్థిరపడిపోయింది. బస్సు రాకపోతే ఓడ లేటయ్యింది. పెళ్లివారు పప్పులో ఉప్పు వేయడం మరిచి భోజనాలు ఆలస్యం చేస్తే ఓడ లేటయ్యింది. మా ఆవిడ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, ఈ ఊళ్లో చెరువు తప్ప ఏమీ లేదే, వీళ్లు రోజూ ఏ ఓడ గురించి మాట్లాడుకుంటున్నారని నెల రోజులు తికమకపడింది.

సరే, గేట్‌వే దగ్గరికి వద్దాం. సముద్రం మీద ఇంకా మంచుతెర ఉంది. అవ్వకు ఇదే మొదటిసారి సముద్రం చూడడం. ఇంతకుముందు ఆమె చూసిన పెద్ద నీరు ధర్మపురి దగ్గర గోదావరి. చాలాసేపు చూసి, “అవతలి ఒడ్డు లేదుగా,” అంది. తూర్పున కొండలు కనిపిస్తూనే ఉన్నాయి గాని, ఆమె చూసింది దక్షిణం వైపు.

ఎనిమిదో తరగతి చదివే మావాడు ఇంతలో తన పాండిత్యం బయటపెట్టాడు.

“తాతా, మనం ఇప్పుడు దీవి మీద ఉన్నం.”

“దీవంటె చుట్టు నీళ్లుండాలె గదరా. గిన్ని బస్సులు ఏడికెల్లి వచ్చినయ్?” అన్నాడు బాపు.

పంతులుగా కలగజేసుకోక తప్పలేదు. ఈ దక్షిణ బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. నడుమ నీళ్లు, బురద, మడ అడవి. తరువాత కట్టలు వేసి, మట్టి పోసి, ఏడింటినీ ఒకటి చేశారు. మేము నిలుచున్న చోటుకు కాస్త దిగువనున్న కొలాబా అయితే 1838లో కట్ట వేసేదాకా వేరే దీవే. అంతకుముందు ఇవి పోర్చుగీసువారివి. 1661లో వాళ్ల రాకుమారి కేథరీన్‌ను ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు ఇవ్వడానికి ఒప్పందం కుదిరినప్పుడు ఈ దీవులను కట్నంగా రాసిచ్చారు. ఆయనకు వీటిమీద ఏమంత మోజు కలగలేదేమో, 1668లో ఏడాదికి పది పౌండ్ల కవులుకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు.

బాపు పది పౌండ్లు ఎన్ని రూపాయలని అడిగాడు. అవ్వకు కవులు సంగతి పట్టలేదు.

“పిల్లను ఇచ్చుడు, మీదికెల్లి దీవిని ఇచ్చుడు! పెండ్లికొడుకు ఏం పెట్టిండట?”

అక్క ముసిముసిగా నవ్వింది. బావ సముద్రం చూడడంలో నిమగ్నుడయ్యాడు.

బామ్మర్ది కొత్త వంతెన సంగతి చెప్పాడు. అంతకు అయిదు రోజుల ముందే, జనవరి 12న, శివడి నుంచి న్హావా శేవా వైపుకు సముద్రం దాటే 21.8 కిలోమీటర్ల అటల్ సేతు తెరిచారు. ఇక ఈ దీవి దీవిగా ఉండడం మాటల్లోనే అన్నాడు. తలుపు చూసి వచ్చిన మా అమ్మాయి దాని కథ చదివి వినిపించింది. 1911లో అయిదో జార్జి రాజు, రాణి ఇక్కడ ఓడ దిగారు. వాళ్లు దిగిన గుర్తుగా ఈ ద్వారం కట్టాలనుకున్నారు. వాళ్లకు మాత్రం అట్టతో చేసిన నమూనాయే చూపారు. 1913లో పునాదిరాయి వేశారు. కట్టడం ముగిసి ద్వారం తెరిచింది 1924 డిసెంబరులో. చివరి బ్రిటిషు పటాలం 1948 ఫిబ్రవరి 28న దీని కిందుగానే నడిచి ఓడెక్కి వెళ్లిపోయింది.

“రాజు వచ్చిన పదమూడేండ్లకు తలుపా!” అంది మా ఆవిడ.

“ఓడ లేటయ్యింది,” అన్నారు పిల్లలిద్దరూ ఒక్కసారిగా. అందరం నవ్వాం. బాపు నవ్వలేదు. అది నేను తరువాత గుర్తు చేసుకున్న సంగతి.

ఎనిమిదిన్నరయింది. ఇంకా ఏడున్నర గంటలు. వేళ గడపడానికి తలా ఒక సలహా. ఎలిఫెంటాకు పోయి వద్దామన్నాడు బామ్మర్ది. గంట ప్రయాణం, గుహలో ఇరవై అడుగుల మూడు ముఖాల శివుడున్నాడు, ఒకే కొండను తొలిచిన విగ్రహం. “శివునికి ఈన్నుంచే దండం పెడుత. ఒక్క దినం రెండుసార్లు పడవ ఎక్క,” అని అవ్వ తేల్చేసింది. పక్కనే మ్యూజియం ఉంది, ఈ ద్వారం గీసిన జార్జి విటెట్ గీసిందే అని నేనన్నాను. మ్యూజియం అనగానే మా పిల్లలకు ఆకలి వేస్తుంది, వేసింది.

ఈ చర్చ ముగియకముందే బాపు నడక మొదలుపెట్టాడు.

“ఏడికి బాపూ?”

“గిటు రాండ్రి. నాకు తొవ్వ ఎరుకే.”

నలభైఆరేళ్ల కింద నలభైఒక్క రోజులు బసలో కూర్చున్న మనిషికి తొవ్వ ఎలా ఎరుక? అప్పుడు ఎవరికీ తోచలేదు. కొలాబా బజారు దాటాం. ఆయన ఎవరినీ అడగలేదు. ఒక మలుపు దగ్గర మాత్రం ఆగి, ముక్కు పైకెత్తి గాలి పీల్చి, ఎడమకు తిరిగాడు. మరికొంత దూరం పోయేసరికి ఆ గాలి మాకూ అందింది. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

అది ససూన్ డాకు. 1875 నాటిది; ఇప్పటికీ బొంబాయి పెద్ద చేపల రేవుల్లో ఒకటి. ఉదయపు వేలం ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. రంగురంగుల జెండాలతో పడవలు ఒకదాని పక్క ఒకటి ఒరుసుకుని నిలిచాయి. వాటిలోనుంచి బుట్టలు గాలిలో ఎగిరి ఒడ్డునున్న చేతుల్లో పడుతున్నాయి. కోలీ ఆడవాళ్లు కాసె పోసి చీరలు కట్టి, నడుము మీద చేతులు పెట్టుకుని బేరాలాడుతున్నారు. నేల నిండా నీళ్లు, పొలుసులు, కరిగిన మంచు. తోపుడుబండ్ల మీద బారెడు మంచుదిమ్మెలు వస్తున్నాయి, యంత్రంలో పడి పొడి అవుతున్నాయి, బుట్టల్లో పడవల్లోకి పోతున్నాయి. చేపల కోసం ఇన్ని వందల మంది మంచు మోస్తారని నాకు అంతవరకు తెలియదు.

మేము తొమ్మిదిమందిమీ దారికి అడ్డంగా, పెళ్లివారిలాగా నిలుచున్నాం. వెనకనుంచి మంచుబండి ఒకటి దూసుకువస్తోంది.

“బాజూ! బాజూ!”

ఆ కేక వేసింది బండివాడు కాదు. బాపు. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. పొలంలో ఎడ్లను అదిలించే గొంతు వేరు. ఇది పొట్టలోనుంచి వచ్చి చివర పగిలే కేక. కేక వేస్తూనే రెండు చేతులతో పిల్లలిద్దరినీ గోడ వైపు లాగాడు. బండి పోయింది. బండి తోస్తున్న కుర్రాడు వెనుదిరిగి బాపును ఒకసారి చూసి, తల ఆడించి వెళ్లాడు. తమవాడే అనుకున్నాడేమో.

“తాతా, నీకు గా మాట ఎట్ల తెలుసు?” అని అడిగాడు మావాడు.

బాపు జవాబు చెప్పకుండా గేటు బయటికి నడిచాడు.

కొంచెం దూరంలో పాతకాలపు ఇరానీ హోటలు దొరికింది. గుండ్రటి బల్లలు, వంపు కాళ్ల కుర్చీలు. చాయ్, గట్టి రొట్టెకు వెన్న రాసినది తెప్పించాం. బాపు రొట్టెను చాయ్‌లో ముంచి, అది మెత్తబడేదాకా ఆగి, తిని, మూతి తుడుచుకుని చెప్పాడు.

“ఓడ లేటు కాలేరా. ఓడ దాని వేళకు అది పోయింది. నా టికెట్టే లేకుండె.”

సంగతి ఇది. ఏజెంటు పాస్‌పోర్టు ఇచ్చాడు, దుబాయి కాగితం ఇచ్చాడు. అవి నిజమైనవే. టికెట్టు రేపు, ఎల్లుండి అన్నాడు. నాలుగో నాడు పోయి చూస్తే గదికి తాళం. టికెట్టు డబ్బుతో సహా మనిషి మాయం. బాపు మొలతాడుకు కట్టుకున్న సంచిలో పదకొండు రూపాయలున్నాయి. రెండు రాత్రులు రైల్వేస్టేషను బయట పడుకున్నాడు. మూడో నాడు ఎవరో తెలుగు మాట విని వర్లీ తీసుకుపోయారు. అక్కడి చాళ్లలో మనవాళ్లు చాలామంది. ఎక్కువగా మిల్లుల్లో పనిచేసే పద్మశాలీలు. సిరిసిల్ల దిక్కు ఆమె ఒకామె మిల్లు కార్మికులకు అన్నం వండిపెట్టే ఖానావళి నడుపుతుండేది. “పని దొరికినంక పైసలియ్యి,” అని కంచం ముందర పెట్టిందట. పని ఈ రేవులో దొరికింది. తెల్లవారక మునుపే రావాలి, గోనెసంచి తలమీద కప్పుకోవాలి, కొక్కెంతో మంచుదిమ్మెను లాగాలి, బుట్టెత్తాలి. ముప్పై అయిదు రోజులు.

“దినాం చేతులు మొద్దుబారిపోయి రాత్రి అన్నం కలపరాకపోయేది. గా అక్కనే ముద్దలు చేసి పెట్టేది,” అన్నాడు. మిగిల్చినదానికి ఆమె రెండు వందలు అప్పుగా కలిపితే డెక్కు టికెట్టు వచ్చింది. 1980లో తిరిగివచ్చేటప్పుడు నేరుగా వర్లీ పోయి ఆమె బాకీ తీర్చి, ఒక చీర పెట్టి, అప్పుడు కోరుట్ల బండెక్కాడట. తరువాత 1982లో మిల్లుల సమ్మె వచ్చింది. దత్తా సామంత్ నడిపిన ఆ సమ్మెలో రెండున్నర లక్షల మంది కార్మికులు పని వదిలారు. వేలమందికి పని మళ్లీ దొరకనే లేదు. ఆ కుటుంబం ఎటు పోయిందో బాపుకు మళ్లీ తెలియలేదు.

హోటల్లో మా బల్ల చుట్టూ నిశ్శబ్దం. ఇట్లాంటప్పుడు ఎవరైనా ఏదైనా మాట్లాడితే బాగుండుననిపిస్తుంది. మా అమ్మాయి ఫోనులో బొంబాయి పటం చూస్తూ, “కామాటిపుర అని ఉంది, ఇది తెలుగు పేరేనా?” అంది. తెలుగు పేరే. ఈ ఊళ్లో ఇళ్లు కట్టడానికి, నేలలు పూడ్చడానికి నిజాం రాజ్యం నుంచి వచ్చిన మన కామాటీలు ఉన్న పేట. ఆ పేట ఇంకో విధంగా పేరు మోసిన సంగతి ఉంది గనుక, నేను మొదటి సగం చెప్పి ఆపేశాను. బామ్మర్ది నావంక కృతజ్ఞతగా చూశాడు.

అవ్వ మాత్రం ఒక్క మాటా అనలేదు. నాకు అదే భయంగా ఉంది. నలభైఆరేళ్లు నమ్మిన మాట అబద్ధమని తెలిస్తే ఏ ఆడమనిషికి కోపం రాదు? పైగా ఆమె కడియాలు అవి.

మళ్లీ గేట్‌వే దగ్గరికి వచ్చి గోడ పక్కన నీడలో బైఠాయించాం. పన్నెండయింది. మూట విప్పి సర్వపిండి, పులిహోర, సకినాలు పంచుకున్నాం. పావురాలకు పిల్లలు వేసిన సకినాలు అవీ కొరకలేకపోయాయి. బావ తువ్వాలు ముఖం మీద వేసుకుని నిద్రపోయాడు. ఫోటోలు తీసేవాళ్లు మమ్మల్ని ఒకసారి ముట్టడించి, ఈ బృందం వల్ల ప్రయోజనం లేదని గ్రహించి తప్పుకున్నారు. ఒంటిగంట. రెండు. గుత్తకు మాట్లాడిన పడవ కోసం కూర్చునేవాడికి గడియారం ముళ్లు కూడా గుత్తకే తిరుగుతాయి. ఎంత తిరిగినా అంతే.

అప్పుడు అవ్వ అంది, ఎవరివంకా చూడకుండా:

“నాకు తెల్వదనుకున్నవా?”

బాపు తలెత్తాడు.

“ఉత్తరం ఇప్పంగనే చేపల వాసన. మూడింట్లకు మూడూ గంతే. కైకిలి పోయొచ్చిన మనిషి చేతి వాసన నాకెరుక గాదా? ఏజెంటు బసల కూసున్నోనికి చేపల వాసన ఎందుకొస్తది?”

“మరి రాయియ్యకపోతివి?”

“రాయిస్తె ఏం చేస్తువు? వాపస్ వస్తువు. వస్తె ఎడ్లేవి ఇంట్ల?”

బాపు దగ్గర దీనికి జవాబు లేదు. అవ్వ సకినం ఒకటి తుంచి, తినకుండా చేతిలోనే పట్టుకుంది.

“నేను సుత రాయియ్యలే. నువ్వు మంచు మోసిన దినాలల్ల వీడు జగిత్యాల దవాఖానల ఉండె. జొరం దిగకపోయె. పన్నెండు దినాలు. పక్కమంచం పిల్ల నా కండ్ల ముంగటనే పాయె. రాత్రి వీన్ని ఒళ్లేసుకొని, పగలు ఇంటికాడినుంచి తునికాకు తెప్పించుకొని వరండాల బీడీలు చేసిన. వెయ్యి బీడీలు చేస్తె పాలకు, మందుకు వచ్చేటియి. నీకేమో సార్‌తోని అందరం క్షేమమని రాయిస్తి.”

‘వీడు’ అంటే నేను. నలభైఏడేళ్లు వచ్చిన నాకు, నేను చావు అంచుదాకా పోయివచ్చానని ఆ గోడ దగ్గర తెలిసింది. అక్కవంక చూశాను. ఆమె కళ్లు దించుకుంది. ఆమెకు తెలుసన్నమాట. చిన్నప్పటి నుంచి నాకు కాస్త జ్వరం వస్తే చాలు, అవ్వ బీడీల చాట పక్కకు పెట్టి రాత్రంతా నా కాళ్ల దగ్గర ఎందుకు కూర్చునేదో, ముసలితనపు చాదస్తమని నేనెన్నిసార్లు విసుక్కున్నానో అన్నీ గుర్తుకు వచ్చాయి. ఏమైనా అనాలనుకున్నాను. పాఠాలు చెప్పే నోరు. దానికి వేరే మాటలు రావు.

బాపు లేచి గోడదాకా పోయి, నీళ్లు చూస్తూ నిలబడ్డాడు. మా ఆవిడ, “మామా, ఎండల నిలబడకుండ్రి,” అని రెండుసార్లు పిలిచింది. ఆయన వినిపించుకోలేదు.

మూడున్నర. నాలుగు. పడవ లేదు. నాలుగుంబావు. బామ్మర్ది ఫోను చెవికి పెట్టుకుని మెట్ల మీద పైకీ కిందికీ తిరుగుతున్నాడు. వస్తున్నాడట, డీజిలు పోయిస్తున్నాడట. నాలుగున్నర. అంతకుముందు ఎక్కినవాళ్లు దిగడానికి పేచీ పెడుతున్నారట. ఎనిమిదిన్నర గంటలు ఓపిక పట్టిన కుటుంబానికి చివరి అరగంట మాత్రం దుర్భరమయ్యింది. అయిదు కావస్తోంది.

“ఓడ లేటయ్యింది,” అంది మా అమ్మాయి, అలవాటు చొప్పున. అని, వెంటనే నాలుక కరుచుకుంది.

అందరం బాపువంక చూశాం. ఆయన అవ్వవంక చూశాడు. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, “ఈసారి నిజంగనే లేటయ్యింది,” అంది. ముందు బాపు నవ్వాడు. ఆయన తరువాత మేము.

అయిదుంబావుకు పడవ మెట్లకు ఆనింది. అవ్వను ఎక్కించడానికి ఇద్దరు సరంగులు, ముగ్గురు బంధువులు కావలసివచ్చింది. గోదావరిలో వేసినట్టే ఒక రూపాయి నాణెం సముద్రంలో వేసి దండం పెట్టుకుంది. ద్వారం చిన్నదయ్యింది, తాజ్‌మహల్ హోటలు చిన్నదయ్యింది. రేవులో లంగరు వేసిన ఓడల మధ్యనుంచి దక్షిణంగా సాగాం. ససూన్ డాకు కుడివైపుగా వెనక్కు పోయింది. నీళ్ల మీద నుంచి చూస్తే అది ఇంతే చోటా అనిపించింది. దూరంగా కొలాబా కొన అవతల, నీళ్లలో ఒంటరిగా దీపస్తంభం కనబడింది. పడవవాడు ఇక అక్కడినుంచి అసలు సముద్రమనీ, గల్ఫుకు పోయే ఓడలన్నీ దాన్ని దాటే పోతాయనీ హిందీలో చెప్పాడు. మావాడు తాత భుజం తట్టి, “తాతా, చూడు! నీ తొవ్వ,” అన్నాడు.

బాపు అటు తిరగలేదు. అవ్వకు ఎదురుగా కూర్చుని, గాలికి వినపడదని కాస్త ముందుకు వంగాడు.

“వీడు ఎన్ని దినాలుండె, దవాఖానల?”

“చెప్పిన గద, పన్నెండు.”

“ఏ నెల?”

“దీపావళి పోయినంక.”

ఆయన ఎడమచేయి తెరిచి, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏ రోజు తాను ఏ పడవకు మంచు మోశాడో లెక్క చూసుకుంటున్నట్టు, పెదవులు కదుపుతూ, చాలాసేపు.